బకెట్టులో పట్టిన భూతం

క్రిస్మస్ నాటకం వేయించిన ప్రతి యౌవనస్థుల సంఘానికి ఒక సంగతి బాగా తెలుసు. హేరోదు రాజుకు కిరీటం కావాలి. గొల్లలకు కంబళ్లు కావాలి. తూర్పు నక్షత్రం కదిలి వచ్చి పశువులపాక మీద నిలవాలి. చేతిలో ఉన్నదేమో ఇల్లిల్లూ తిరిగి పోగుచేసిన కొద్దిపాటి చందా. అప్పుడు నాటకం వేయించే పెద్దమనిషి ఏమి చేస్తాడు? తెలివైనవాడైతే కూర్చొని, ఉన్న డబ్బుకు తగినట్లు కథనే తిరిగి వ్రాసుకుంటాడు. నక్షత్రాన్ని చూపించకుండా, దానిని చూచిన గొల్లల ముఖాలనే చూపిస్తాడు. ప్రేక్షకులు ఆ ముఖాలలోనే నక్షత్రాన్ని చూస్తారు.

ఇలాటి పనినే ఇంకొంచెం పెద్ద ఎత్తున చేసిన కొందరిని గూర్చి ఈ నెల చెప్పాలనుకుంటున్నాము. వారు అమెరికా దేశస్థులు. సువార్త చిత్రాలు తీసేవారు. వారు తీసిన ఒక సినిమా లోకమంతా తిరిగింది. అయితే అది సువార్త చిత్రం కాదు, ఒక భూతం సినిమా! పేరు "ద బ్లాబ్". 1958లో విడుదలైంది. పేరుకు అర్థం జిగురుముద్ద అనుకోవచ్చు. భూతం సినిమాకు మన పత్రికలో చోటేమిటని కొందరు పెద్దలు అడుగవచ్చు. దయచేసి చివరివరకు చదవండి. మేము చెప్పదలచినది భూతాన్ని గూర్చి కాదు, దానిని తయారు చేసినవారి సిద్ధపాటును గూర్చి.

సువార్త చిత్రాల గ్రామం

అమెరికా తూర్పు భాగంలో పెన్సిల్వేనియా రాష్ట్రముంది. అక్కడి చెస్టర్ స్ప్రింగ్స్ ప్రాంతంలో యెల్లో స్ప్రింగ్స్ అనే చిన్న పాత గ్రామం ఉంది. ఆ దేశపు స్వాతంత్ర్య యుద్ధకాలంలో అక్కడ గాయపడిన సైనికులకు ఆసుపత్రి ఉండేది. తరువాతి కాలంలో సైనికుల అనాథ పిల్లలకు పాఠశాల నడిచింది. ఆ పిమ్మట చిత్రకళ నేర్చుకొనేవారు వచ్చారు. 1952లో "గుడ్ న్యూస్ ప్రొడక్షన్స్" అనే క్రైస్తవ చిత్ర నిర్మాణ సంస్థ ఆ స్థలాన్ని కొన్నది. "గుడ్ న్యూస్" అంటే సువార్తే గదా!

ఆ సంస్థకు నాయకుడు ఇర్విన్ యేవర్త్. ఆయన 1926లో పుట్టారు. స్నేహితులు ఆయనను ముద్దుగా "షార్టీ" అని పిలిచేవారు. సంఘాలకు, పాఠశాలలకు పనికివచ్చే చిన్న చిత్రాలు తీయడమే ఆయన పని. జీవితకాలంలో అలాటివి నాలుగు వందలకు పైగా తీశారని చెబుతారు. ఆయన దగ్గర కెమెరాలు, దీపాలు, షూటింగు జరిపే పెద్ద హాలు, కలిసి పనిచేయడానికి అలవాటుపడిన మనుషులు ఉన్నారు. లేనిదల్లా డబ్బు. పెద్ద థియేటర్లలో ఆడే చిత్రాలు తీసిన పేరు కూడా అప్పటికి లేదు.

వ్యాపారి తెచ్చిన కోరిక

ఇలా ఉండగా జాక్ హారిస్ అనే సినిమా పంపిణీదారుడు యేవర్త్ దగ్గరకు వచ్చారు. హారిస్ ఫిలడెల్ఫియా వాడు. ఇతరులు తీసిన చిత్రాలను థియేటర్లకు అద్దెకు ఇచ్చీ ఇచ్చీ, ఏ చిత్రానికి జనం వస్తారో, దేనికి రారో బాగా ఎరిగినవాడు. యౌవనస్థులు భూతాల సినిమాలకు ఎగబడుతున్న రోజులవి. తానే ఒకటి తీయించాలని ఆయన కోరిక.

ఆయన పెట్టిన షరతులు ఆలోచింపదగినవి. మొదటిది, భూతమంటే రబ్బరు తొడుగు వేసుకొన్న మనిషి కాకూడదు. రెండవది, నలుపు తెలుపులో కాక రంగులలో తీయాలి. మూడవది, ఆ భూతాన్ని ఓడించే మార్గం కొత్తదై ఉండాలి, అయినా బడిపిల్లవానికి కూడా తట్టేంత తేలికగా ఉండాలి. వీటన్నిటినీ తక్కువ డబ్బుతోనే చేయాలి.

ఒక్కసారి ఆలోచించండి. అంతకుముందు 1933లో "కింగ్ కాంగ్" చిత్రానికి బొమ్మలను చేసి, వాటిని ఇంచి ఇంచి కదుపుతూ ఒక్కొక్క ఫొటోగా తీశారు. దానికి ఎంతో కాలం, ఎంతో ఓపిక పట్టింది. 1954లో జపానువారి "గాడ్జిల్లా"లో మనిషి బరువైన తొడుగు ధరించి బొమ్మ పట్టణాన్ని తొక్కుకుంటూ నడిచాడు. అదే సంవత్సరం "దెమ్!" అనే చిత్రానికి మనిషికంటె పెద్దవైన చీమల యంత్రాలను చేశారు. ఇవేవీ వద్దంటే ఇక మిగిలేదేమిటి?

దానికి జవాబు ఇర్వైన్ మిల్‌గేట్ అనే స్నేహితుడు చెప్పారు. కాళ్లు, చేతులు, ముఖం, నోరు ఏవీ లేని భూతం! ఆకాశం నుండి రాలిన ఒక రాతిలో నుండి వెలువడే జిగురుముద్ద. తాకినవారిని తనలో కలుపుకొంటుంది, కలుపుకొన్నకొద్దీ పెద్దదవుతుంది. 1950లో ఫిలడెల్ఫియాలో కొందరు పోలీసులు ఆకాశం నుండి పడిన జిగురు పదార్థాన్ని చూశామనీ, ముట్టుకోగానే అది కరగిపోయిందనీ వార్త వచ్చింది. ఈ కథకు ఆ వార్తే ప్రేరణ అని చెప్పుకుంటారు.

పొదుపు మొదలయ్యేది కాగితం మీదే

కథను స్క్రిప్టుగా వ్రాసినవారు థియొడోర్ సైమన్సన్, కేట్ ఫిలిప్స్. కేట్ ఫిలిప్స్ అంతకుముందు కే లినెకర్ అనే పేరుతో అనేక చిత్రాలలో నటించిన స్త్రీ. స్క్రిప్టు అంటే సంభాషణలు మాత్రమే కాదు. ఎక్కడ జరుగుతుంది, పగలా రాత్రా, ఎవరెవరు ఉన్నారు, ఏమి కనబడుతుంది, ఏమి వినబడుతుంది అనేవన్నీ అందులో ఉంటాయి. ఇల్లు కట్టేవానికి ప్లాను ఎలాటిదో సినిమావారికి స్క్రిప్టు అలాటిది. గోడ లేచిన తరువాత కిటికీ జరపాలంటే డబ్బు దండుగ. కాగితం మీద జరపాలంటే రబ్బరు చాలు.

ఈ స్క్రిప్టులో కథ దాదాపు అంతా ఒక్క రాత్రిలో, ఒక్క చిన్న ఊరిలో జరుగుతుంది. ఇది వట్టి కథా చమత్కారం కాదు. ఒక్క రాత్రి కథ అయితే నటులకు ఒక్క జత బట్టలు చాలు. చీకటి ఉంటే వీధి అంతా అలంకరించనక్కరలేదు, దీపం పడినంత మేర చాలు. చిన్న ఊరు అంటే డాక్టరుగారి ఇల్లు, పోలీసు స్టేషను, ఒక కిరాణా దుకాణం, ఒక సినిమా హాలు, ఒక చిన్న హోటలు. ఇవి ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నవే!

భూతాన్ని ఎక్కడ చూపాలి, ఎక్కడ చూపకూడదు అన్నది కూడా స్క్రిప్టులోనే తేలాలి. ఆ జిగురుముద్ద డాక్టరుగారిని మింగివేసే సమయంలో కథానాయకుడైన కుర్రవాడు ఇంటి బయట నిలబడి ఉంటాడు. కిటికీలోనుండి ఒక్క క్షణం చూస్తాడు. మనం చూచేది కూడా ఆ ఒక్క క్షణమే. భయమంతా ఆ కుర్రవాని కళ్లలో ఉంది. కళ్లకు ఖర్చు ఉండదు.

ఇక భూతాన్ని ఓడించే మార్గం. ఆ ముద్దకు తుపాకులు లెక్క లేదు, నర్సమ్మ విసిరిన ఆమ్లం లెక్క లేదు, కరెంటు షాకు లెక్క లేదు. దానికి పడనిది చలి ఒక్కటే. రచయితలు ఈ సంగతిని ముందే విత్తుతారు. కుర్రవాడు, అతని స్నేహితురాలు కిరాణా దుకాణంలోని శీతల గదిలో దాక్కుంటే, తలుపు కింద నుండి వచ్చిన ముద్ద ఎందుకో వెనక్కి తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో అప్పుడు వారికి తెలియదు. చివర నిప్పు ఆర్పే సిలిండరు నుండి చల్లని పొగ వచ్చినప్పుడు తెలుస్తుంది. ఆ సిలిండరు ఏ పాఠశాల గోడకైనా వేలాడేదే. బడిపిల్లవానికి కూడా తట్టే మార్గం కావాలన్న షరతు ఇలా నెరవేరింది.

పిల్లల మాట ఎవరు వింటారు?

ఇంత లెక్క చూచి వ్రాసినా, కథలో ప్రాణం లేకపోతే అది లెక్కల పుస్తకమే అవుతుంది. ఈ కథకు ప్రాణమేమిటో మన పాఠకులు, అందులోనూ తలిదండ్రులు, గమనించాలని మా మనవి.

ముద్దను మొదట చూచినవారిలో ఒకడు స్టీవ్ అనే కుర్రవాడు. పోలీసుల దగ్గరకు పరుగెత్తుకొని వెళ్లి చెబుతాడు. వారు నమ్మరు. ఇంటికి కబురు వెళుతుంది, తండ్రులు వచ్చి పిల్లలను మందలించి తీసుకుపోతారు. కుర్రకారు గదా, అల్లరి చేస్తున్నారు, అబద్ధమాడుతున్నారు అని అందరి తలంపు. స్టీవ్ స్నేహితులు ఊరిని లేపడానికి కారు హారన్లు మ్రోగిస్తారు. జనం లేచి వచ్చి వారినే కోపగిస్తారు. ముద్ద మాత్రం చీకటిలో పెరిగిపోతూనే ఉంటుంది.

చివరకు ఆ పిల్లలు, ఒక పసివాడితో సహా, హోటల్లో చిక్కుకుపోతారు. ముద్ద హోటలు మొత్తాన్ని కప్పివేస్తుంది. చలి ఒక్కటే మార్గమని స్టీవ్ లోపలి నుండి అరచి చెబుతాడు. ఊరి పాఠశాలలో సిలిండర్లు ఉన్నాయి గాని తలుపుకు తాళం. ఆ పాఠశాల హెడ్మాస్టరు స్టీవ్ స్నేహితురాలి తండ్రే. కథ మొదటి నుండి మర్యాద, క్రమశిక్షణ అని కూతురిని అదుపులో ఉంచినవాడు. ఇప్పుడు ఆయన ఒక రాయి తీసుకొని తన బడి తలుపు అద్దాన్ని తానే పగులగొడతాడు.

ఒక్క అద్దం పగిలిన చప్పుడు! భూతం సినిమాలో మాకు అన్నిటికంటె మనసుకు తగిలిన సంగతి అదే. పిల్లల మాటను ఒక పెద్దమనిషి ఎట్టకేలకు నమ్మాడు. దానికి అయిన ఖర్చు ఒక్క అద్దం పలక.

విడగొట్టి లెక్క చూడడం

స్క్రిప్టు పూర్తయిన తరువాత, కెమెరా తిరగడానికి ముందు, చేయవలసిన పని చాలా ఉంది. సినిమావారు దీనిని ప్రీ ప్రొడక్షన్ అంటారు. మన మాటలో సిద్ధపాటు అంటే సరిపోతుంది. చిన్న సినిమా నిలిచేదీ పడేదీ ఇక్కడే.

మొదట స్క్రిప్టును దృశ్యాలుగా విడగొడతారు. ఒక్కొక్క దృశ్యానికి ఒక్కొక్క కాగితం. ఇంటిలోపలా బయటా, పగలా రాత్రా, ఎందరు నటులు, ఏయే వస్తువులు, ఏ వాహనాలు, ఏ ప్రత్యేకమైన ఏర్పాటు అని దానిమీద వ్రాస్తారు. తరువాత ఆ కాగితాలను కథ వరుసలో కాక స్థలాల వరుసలో పేరుస్తారు. డాక్టరుగారి ఇంటిలో జరిగేవన్నీ, కథలో ఎక్కడ వచ్చినా, ఒక్కచోట చేర్చి తీసివేస్తే దీపాలు ఒక్కసారి కడితే చాలు. ఒక నటుడు నాలుగు రోజులు అవసరమైతే ఆ నాలుగూ వరుసగా వచ్చేట్లు చూడాలి. లేకపోతే ఖాళీ రోజులకు కూడా అతనికి భోజనం, బస ఇవ్వవలసివస్తుంది. పొలంలో కోతకు కూలీలను పిలిచే రైతుకు ఈ లెక్క చెప్పనక్కరలేదు.

గోపురం కట్టబోయేవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు. పునాది వేసి ముగించలేక నవ్వులపాలైన చిత్రాలు లోకంలో కోకొల్లలు.

ఎర్రని జిగురు

సిద్ధపాటులో అన్నిటికంటె గట్టి ప్రశ్న, భూతాన్ని దేనితో చేయాలి? కథ ఎంత బాగున్నా, తెరమీద ముద్దను చూచి జనం నవ్వితే అంతా వ్యర్థం. వారికి దొరికిన జవాబు సిలికోన్ అనే రసాయన పదార్థం. చిక్కగా ఉంటుంది, మెల్లగా జారుతుంది, త్వరగా ఎండిపోదు. దానిలో ఎర్రని రంగు కలిపారు. ఉడికి చిక్కబడిన సగ్గుబియ్యంలో ఎర్ర రంగు కలిపితే ఎలా ఉంటుందో ఊహించండి. మనుషులను మింగిన కొద్దీ ముద్ద మరింత ఎర్రబడినట్లు చూపారు. రక్తం చూపకుండానే రక్తాన్ని తలపించారు.

జిగురు తనంతట తాను నడవదు గదా! ప్రత్యేక దృశ్యాల పని చూచిన బార్ట్ స్లోన్ బృందం గదులను, వీధులను చిన్న నమూనాలుగా కట్టింది. నమూనాకు కెమెరాను కదలకుండా బిగించి, రెండిటినీ కలిపి ఒక పక్కకు వంచితే జిగురు పల్లానికి జారుతుంది. కెమెరా కూడా వంగినందువల్ల చూచేవారికి నేల సమంగానే కనబడుతుంది, ముద్ద మాత్రం తనకు తానే పాకి వస్తున్నట్లుంటుంది. కొన్నిచోట్ల నమూనాకు బదులు హోటలు ఫొటోనే వాడుకున్నారు.

ఇలాటివి షూటింగు రోజున కనిపెట్టేవి కావు. ముందుగానే చేసి చూడాలి. ఎంత చిక్కగా ఉంటే ఎంత వేగంగా జారుతుంది, ఏ దీపంలో రంగు ఎలా కనబడుతుంది అని పరీక్షించాలి. ఒక వంటమనిషి వంద మందికి వండేముందు గరిటెడు వండి రుచి చూచినట్లే ఇది.

ఆ ఎర్రని జిగురు నేటికీ ఉంది. ఒక బకెట్టులో దాచి ఉంచారు. ఊరిని మింగిన భూతం ఒక బకెట్టులో పట్టింది!

నటులు, ఊరివారు

హాలీవుడ్డు తారలను పిలిచే స్తోమత లేదు. కథానాయకునిగా ఎన్నుకొన్నది స్టీవ్ మెక్వీన్ అనే అప్పటికి పేరులేని నటుని. వయస్సు 27, వేయవలసిన వేషం బడి వయస్సు కుర్రవానిది. జీతం తక్కువ తీసుకొని లాభంలో పదవ వంతు తీసుకోవచ్చని చెప్పారట. ఇంటి అద్దెకు, తిండికి ఇబ్బందిగా ఉన్న మనిషి, వాటా వద్దని 3,000 డాలర్లు చాలన్నాడు. తరువాత ఆయన లోకప్రసిద్ధుడయ్యాడు. చివరి దినాలలో క్యాన్సరు బయటపడక ముందే కాలిఫోర్నియాలో ఒక సంఘానికి వెళ్లి క్రీస్తును నమ్ముకొన్నాడు. 1980 నవంబరులో మరణించడానికి కొద్ది దినాల ముందు బిల్లీ గ్రాహంగారు ఆయనను దర్శించి తన బైబిలును ఇచ్చారు.

సంగీతం కూర్చినవారు రాల్ఫ్ కార్మైకేల్. ఆధునిక క్రైస్తవ సంగీతానికి దారి తీసినవారిలో ఒకరుగా అమెరికా సంఘాలు ఆయనను ఎరుగును.

సినిమా హాలు దృశ్యానికి దగ్గరలోని ఫీనిక్స్‌విల్ పట్టణంలో 1903 నుండి ఉన్న కలోనియల్ థియేటరును వాడుకున్నారు. హోటలు డౌనింగ్‌టౌన్‌లోనిది. హాలులో నుండి కేకలు వేస్తూ బయటికి పరుగెత్తే గుంపుగా ఆ ప్రాంతపు సామాన్య జనమే కనిపిస్తారు. 2000 నుండి ఫీనిక్స్‌విల్ వారు ఈ చిత్రం పేరున ఉత్సవం జరుపుకుంటున్నారు. అప్పుడు జనం అదే హాలులో నుండి అలాగే పరుగెత్తుకొని వచ్చి నవ్వుకుంటారు.

లెక్క చివరకు ఏమైంది?

షూటింగు 1957లో జరిగింది. ఖర్చు సుమారు 1,10,000 డాలర్లు. పోల్చి చూడడానికి మన పాఠకులకు తెలిసిన చిత్రమే చెబుతాము. సెసిల్ డిమిల్ తీసిన "టెన్ కమాండ్‌మెంట్స్" 1956లో వచ్చింది. దానికి సుమారు 1 కోటి 30 లక్షల డాలర్లు అయ్యాయి. అంటే ఆ ఒక్క చిత్రం ఖర్చుతో ఇలాటివి నూటికి పైగా తీయవచ్చు.

సినిమా పూర్తయ్యేవరకు దానిని కొనేవారెవరో యేవర్త్‌కు గాని హారిస్‌కు గాని తెలియదు. సొంతంగా తీసేవారికి ఉండే భయం అదే. పూర్తయిన తరువాత పారమౌంట్ సంస్థ కొని 1958 సెప్టెంబరులో విడుదల చేసింది. మొదట మరొక చిత్రానికి జంటగా, రెండవ స్థానంలో వేశారు. జనం దీనినే ఎక్కువగా మెచ్చారు. ఖర్చుకు ఎన్నో రెట్లు వసూలైంది. యేవర్త్, హారిస్ కలిసి 1959లో "ఫోర్ డీ మ్యాన్", 1960లో "డైనోసారస్!" అనే మరి రెండు చిత్రాలు తీశారు. యేవర్త్ 2004లో జోర్దాను దేశంలో కారు ప్రమాదంలో మరణించారు.

మన గృహాలకు

చిన్నపిల్లలకు ఈ సినిమా చూపించండని మేము చెప్పడంలేదు. భయపెట్టే కథలు ఏ వయస్సుకు తగునో తలిదండ్రులే నిర్ణయించాలి. సువార్త చిత్రాలు తీసేవారు ఇలాటి దానికి చేయి వేయవచ్చునా అన్న ప్రశ్నకు కూడా సంఘంలో రెండు అభిప్రాయాలు ఉండవచ్చు. అయితే రెండు సంగతులు మాత్రం మన ఇండ్లకు తెచ్చుకోవచ్చు.

మొదటిది యౌవనస్థులకు. నాటకమైనా, పాటల కూటమైనా, చిన్న వీడియో అయినా మీరు తలపెట్టినప్పుడు, మా దగ్గర డబ్బు లేదు అన్న మాటతో మొదలుపెట్టకండి. ఉన్నదేమిటో పట్టిక వ్రాయండి. ఎవరి ఇంటి వరండా, ఎవరి ట్రాక్టరు, ఎవరి గొంతు, ఎవరి కుట్టుమిషను అని వ్రాసి, దానికి తగిన కథ అల్లండి. ఎవరు ఏ రోజు వస్తారో కాగితం మీద పెట్టండి. చేయబోయే దానిని ముందే ఒకసారి చేసి చూడండి. కొరత మీ కథను పాడు చేయనక్కరలేదు. మీరు ముందుగా కూర్చొని ఆలోచిస్తే అదే కథకు రూపమిస్తుంది.

రెండవది పెద్దలకు. మీ అబ్బాయి గాని అమ్మాయి గాని ఒక రాత్రి ఇంటికి వచ్చి నమ్మశక్యం కాని మాట ఒకటి చెప్పవచ్చు. బడిలో ఒకరు చేసిన అన్యాయం కావచ్చు. స్నేహితుడు పడిన ఊబి కావచ్చు. తమకు కలిగిన భయమే కావచ్చు. అల్లరి అనుకొని మందలించి పడుకోబెట్టడం తేలిక. కాని చీకటిలో ఏదో పెరుగుతూ ఉండవచ్చు. ముందు కూర్చోబెట్టి వినండి. అవసరమైతే ఆ హెడ్మాస్టరులాగా ఒక అద్దం పగులగొట్టడానికి కూడా వెనుకాడకండి. అద్దం మళ్లీ వేయించుకోవచ్చు.